ఇంగ్లండ్ పల్లెల్లో నేరాలు, భద్రత: అపోహలు - వాస్తవాలు

"అక్కా, ఆ ఊళ్లో వెయ్యి మందికి 72 నేరాలట, పక్కనున్న టౌన్ కంటే ఎక్కువ. ఇల్లు వద్దనుకుంటున్నాం" అని పోయిన నెల ఒక చెల్లి ఫోన్ చేసింది. ఉద్యోగం రెడింగ్‌లో, ఇద్దరు చిన్నపిల్లలు, కాస్త పెరడున్న ఇల్లు కావాలని పల్లెల వైపు చూస్తున్నారు. ఇలాంటి ఫోన్లు నాకు తరచూ వస్తుంటాయి, ఎందుకంటే నా ఉద్యోగమే అది. పదకొండేళ్లుగా ఇంగ్లండ్‌లో ఒక కౌంటీ పోలీసు విభాగంలో నేరాల లెక్కలు చూస్తున్నాను. ఉండేది చిన్న పల్లెలో, అక్కడ సాయంత్రాలు నైబర్‌హుడ్ వాచ్ (ఇరుగుపొరుగు కలిసి ఊరిని కనిపెట్టుకునే బృందం) పనులు కూడా చూసుకుంటాను. అందరికీ విడివిడిగా చెప్పేవన్నీ ఈసారి ఒకచోట రాస్తున్నాను.

అపోహ: క్రైమ్ రేటు ఎక్కువుంటే ఆ ఊరు ప్రమాదం

వెయ్యి మందికి ఇన్ని అనే లెక్క లీడ్స్, లెస్టర్ లాంటి పెద్ద నగరాలకి పనికొస్తుంది. నాలుగైదు వందల మంది ఉండే పల్లెకి ఆ లెక్క కడితే అది మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. ఉదాహరణకు 430 మంది ఉన్న ఊరు అనుకుందాం, ఏడాదికి 31 నేరాలు నమోదయ్యాయి. వెయ్యికి లెక్కేస్తే 72. వినగానే గుండె జారుతుంది. ఇప్పుడు ఆ 31 విప్పి చూడండి: బైపాస్ మీది పెట్రోల్ బంకులో డబ్బు కట్టకుండా వెళ్లిపోయిన కార్లు 9, ఒకే రాత్రి వరసగా పగలగొట్టిన షెడ్లు 6, రెండు కుటుంబాలు ఒకరి మీద ఒకరు పెట్టుకున్న కేసులు 5, నడకకు వచ్చినవాళ్లు కార్లు నిలిపే చోట పగిలిన అద్దాలు 4, చర్చి పైకప్పు మీది సీసం రేకుల దొంగతనం 1, మిగతావన్నీ కలిపి 6. బంకు దగ్గర పారిపోయినవాళ్లలో ఆ ఊరివాళ్లు ఒక్కరూ ఉండకపోవచ్చు, కానీ భాగించేది మాత్రం ఊరి జనాభాతోనే. మరుసటి ఏడాది ఆ షెడ్ల ముఠా ఇటు రాకపోతే రేటు 72 నుంచి 58కి దిగుతుంది. ఊళ్లో మాత్రం ఏమీ మారి ఉండదు.

దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ సిటీ ఆఫ్ లండన్, అంటే లండన్ నడిబొడ్డున ఆఫీసులతో నిండిన చిన్న ప్రాంతం. 2021 జనాభా లెక్కల ప్రకారం అక్కడ కాపురముండేది దాదాపు 8,600 మంది, పనికి వచ్చేవాళ్లు లక్షల్లో. తలసరి లెక్క కడితే దేశంలోనే భయంకరమైన చోటులా కనిపిస్తుంది.

అందుకే పల్లె విషయంలో రేటు పక్కన పెట్టి, కనీసం మూడేళ్ల సంఖ్యలు తీసుకుని, ఏ రకం నేరం, ఏ నెలలో, ఏ చోట అని చూడమంటాను. స్థూలంగా చూస్తే ఇంగ్లండ్ పల్లెల్లో నేరాలు పట్టణాల కంటే తక్కువే, ఏళ్లుగా ప్రభుత్వ లెక్కలన్నీ అదే చెబుతున్నాయి.

అపోహ: మ్యాప్‌లో చుక్క పడిందంటే ఆ ఇంట్లోనే జరిగింది

ఎక్కడ ఏ నేరం నమోదైందో చుక్కలతో చూపే పోలీస్.యూకే వెబ్‌సైట్ మ్యాప్ 2011 నుంచి ఉంది, ఇల్లు కొనే ప్రతి ఒక్కరూ చూస్తారు, చూడాలి కూడా. కానీ బాధితులెవరో తెలియకుండా ఉండాలని నేరం జరిగిన అసలు చోటుని అందులో చూపించరు, దగ్గర్లో ముందే నిర్ణయించిన ఒక బిందువుకి జరుపుతారు. ఒక్కో బిందువు పరిధిలో కనీసం 8 చిరునామాలు ఉండాలి, లేదా అసలు ఒక్కటీ ఉండకూడదు. పట్టణంలో ఇలాంటి బిందువులు వీధికి ఒకటి రెండు దొరుకుతాయి. పల్లెలో ఇళ్లు దూరం దూరం కాబట్టి మైలు పొడవున్న దారిలో జరిగినవన్నీ ఒకే బిందువు మీద కుప్పపడతాయి, ఆ బిందువు మీరు చూసిన ఇంటి గేటు ముందే ఉండొచ్చు. ఒక జంట ఈ చుక్క చూసే మంచి ఇల్లు వదులుకున్నారు, నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఇంకోటి, అందులో కనిపించే 'హింస, లైంగిక నేరాలు' అనే వర్గం. పేరు చూసి టెన్షన్ పడతారు, సహజమే. కానీ కొట్టుకోవడాలతో పాటు వెంటపడి వేధించడం, బెదిరింపు మెసేజ్‌లు పంపడం, గాయమేమీ కాని తోపులాట, అన్నీ ఆ వర్గంలోకే వస్తాయి. అలాగని అవి చిన్న విషయాలని కాదు, బాధపడినవాళ్లకి అది నరకమే. దారిన పోయే మనిషి మీద దాడి అనే అర్థం మాత్రం ఆ సంఖ్యకి లేదు. 'బర్గ్లరీ' అన్న చోట కూడా ఇంట్లో చొరబడటం, పెరటి షెడ్డు తాళం పగలగొట్టడం రెండూ కలిసే కనిపిస్తాయి.

అపోహ: పల్లెటూరే కదా, తలుపుకి గొళ్లెం పెట్టకపోయినా ఏం కాదు

ఇది ఎక్కువగా పాతకాపులు అనే మాట, మనవాళ్లూ తొందరగా నమ్మేస్తారు. పల్లెలో నేరం తక్కువే, కానీ దాని రూపం వేరు. పొలాల్లోంచి క్వాడ్ బైకులు, ట్రాక్టర్ల మీది జీపీఎస్ పరికరాలు, ఒక్కోసారి గొర్రెల మందలే పోతాయి. రైతుల బీమా సంస్థ ఎన్‌ఎఫ్‌యూ మ్యూచువల్ 2024లో యూకే మొత్తం మీద గ్రామీణ నేరాల నష్టాన్ని 4.41 కోట్ల పౌండ్లుగా అంచనా వేసింది. ఇది వ్యవస్థీకృత ముఠాల పని, దొంగసొత్తు దేశం దాటిపోతుంది. అందుకే కొత్త క్వాడ్ బైకులకి ఇంజిన్ స్టార్ట్ కాకుండా ఆపే పరికరం, బండి ఎవరిదో తేల్చే ఫోరెన్సిక్ గుర్తు ఉండాలని షరతు పెట్టే అధికారమిస్తూ 2023లో చట్టం తెచ్చారు.

కోతలయ్యాక ఖాళీ పొలాల్లో కుందేళ్ల వెంట వేటకుక్కల్ని వదిలి పందేలు కాసే ముఠాలు వస్తాయి. వేట కుక్కలతో కుందేళ్ల పోటీలు 2004 చట్టంతోనే నిషిద్ధం, 2022లో శిక్షలు ఇంకా పెంచి ఆరు నెలల వరకు జైలు పెట్టారు. ఎదురు చెప్పిన రైతుల్ని బెదిరిస్తారు, కొడతారు కూడా. పొలం గట్టున నాలుగైదు జీపులు, సన్నటి పొడుగు కుక్కలు కనిపిస్తే దగ్గరికి వెళ్లకండి, వీడియో తీయబోకండి, వాళ్లు అక్కడుండగానే అత్యవసర నంబర్ 999కి చేయండి.

మామూలు ఇంటికి సంబంధించినంత వరకు షెడ్డు, సైకిళ్లు, ఇంటి వెనక హీటింగ్ ఆయిల్ ట్యాంకు, కారు, దొంగల కన్ను వీటి మీదే. గ్యాస్ లైను రాని ఊళ్లలో ఆ ట్యాంకులో వందల పౌండ్ల నూనె ఉంటుంది, దానికి తాళం ఉండాలని కొత్తగా వచ్చినవాళ్లకి తట్టదు. తలుపు తాళం వేయకుండా వెళ్తే చాలా బీమా పాలసీలు డబ్బివ్వవు, ఆ షరతు ఒకసారి చదువుకోండి.

అపోహ: మన బంగారం సంగతి ఇక్కడివాళ్లకేం తెలుసు

తెలుసు. బాగా తెలుసు. ఈ ఒక్క విషయం కోసమే ఇదంతా రాయడం మొదలుపెట్టాను.

దక్షిణాసియా కుటుంబాల ఇళ్లలో 22 క్యారెట్ల బంగారం ఉంటుందని ఇంగ్లండ్ దొంగలకి ఎప్పుడో తెలుసు, చాలా పోలీసు విభాగాలు ఏటా శరదృతువులో ప్రత్యేకంగా హెచ్చరిస్తాయి కూడా. కాలం కూడా కలిసొస్తుంది చూడండి: దసరా, దీపావళి, కార్తీక మాసం పెళ్లిళ్లు, సరిగ్గా అప్పుడే అక్టోబర్ చివరి ఆదివారం గడియారం గంట వెనక్కి తిప్పుతారు, నాలుగున్నర ఐదింటికే చీకటి పడుతుంది. మనం నగలు పెట్టుకుని గుడికో ఫంక్షన్‌కో వెళ్తాం, ఇంట్లో లైట్ వెలగదు, ఫోటోలు ఆ సాయంత్రమే ఫేస్‌బుక్‌లో. పల్లెలో ఊరంతటికీ మనదొక్కటే భారతీయ కుటుంబమైతే ఇల్లు కనుక్కోవడం ఇంకా తేలిక.

బియ్యం డబ్బా, పూజ మందిరం కింద అర, బెడ్‌రూమ్ అల్మారాలో పట్టుచీరల మడతల మధ్య, ఇవన్నీ వాళ్లకి తెలిసిన చోట్లే. అమ్మ చేయించిన కాసులపేరు పోగొట్టుకున్న ఒకామె నా పక్కన కూర్చుని ఏడ్చిన రోజు నాకు గుర్తుంది. బీమా ఉంది, కానీ పాలసీలో ఒక్కో వస్తువుకి పరిమితి ఉంటుందనీ, అంతకు మించిన నగని పేరు పెట్టి విడిగా రాయించాలనీ ఆమెకి ఎవరూ చెప్పలేదు.

కాబట్టి ఇది చేయండి. ప్రతి నగకీ పక్కన స్కేలు పెట్టి ఫోటో తీయండి, తూకం రాసుకోండి, ఇండియాలో కొన్న బిల్లులు స్కాన్ చేసి ఉంచండి. కళ్లకి కనిపించని ఫోరెన్సిక్ ద్రవంతో గుర్తు పెట్టించండి. రోజూ వాడనివి ఇంట్లో ఉంచకండి, చాలా బ్యాంకులు ఇక్కడ కొత్తవాళ్లకి లాకర్లు ఇవ్వడం మానేశాయి గానీ పెద్ద ఊళ్లలో ప్రైవేటు లాకర్ సంస్థలు ఉన్నాయి. ఇంట్లోనే ఉంచక తప్పదంటే గోడకో నేలకో బోల్టులు బిగించిన సేఫ్ కావాలి, చేత్తో ఎత్తుకుపోయే చిన్న పెట్టె కాదు. సాయంత్రం బయటికెళ్తే టైమర్ లైట్ ఒకటి వెలగనివ్వండి. ఫోటోలు ఇంటికొచ్చాక పెట్టుకోవచ్చు.

అపోహ: చెప్పినా పోలీసులు రారు, కంప్లైంట్ దండగ

ఈ నిరాశలో కొంత నిజముంది, దాచను. దొంగతనాల్లో నిందితుడి మీద అభియోగం దాకా వెళ్లేవి నూటికి పది కూడా ఉండవు. పీసీఎస్‌ఓల (పోలీసులకి తోడుగా ఊళ్లలో తిరిగే సహాయక సిబ్బంది) సంఖ్య 2010తో పోలిస్తే సగానికి పడిపోయింది, పల్లెలకి అది బాగా తగిలింది. అయినా చెప్పాలి. ఇంట్లో చొరబడి చేసే ప్రతి దొంగతనానికీ అధికారి వస్తారని 2022 అక్టోబర్‌లో ఇంగ్లండ్, వేల్స్ పోలీసు విభాగాలన్నీ మాటిచ్చాయి. కంప్లైంట్‌కి పోలీసులిచ్చే క్రైమ్ నంబర్ లేకపోతే బీమా కదలదు. అన్నిటికంటే ముఖ్యం నా బల్ల మీదకొచ్చే లెక్క: మీరు చెప్పనిది నా మ్యాప్‌లో లేదు, లేనిదాని కోసం గస్తీ పంపమని నేను అడగలేను. పక్కపక్క మూడు ఊళ్లలో ఒకే వారం షెడ్లు పగిలి, ఒక్కరే చెప్పి ఉంటే అది నాకు ఒంటరి ఘటనలా కనిపిస్తుంది, ముగ్గురూ చెబితే దారి కనిపిస్తుంది.

ఇప్పుడే జరుగుతుంటే 999. అయిపోయినదానికి 101, 2020 ఏప్రిల్ నుంచి అది ఉచితం, ఆన్‌లైన్‌లోనూ చెప్పొచ్చు. పేరు చెప్పకుండా సమాచారం ఇవ్వాలంటే క్రైమ్‌స్టాపర్స్ అనే స్వచ్ఛంద సంస్థ ఉంది. ఇంగ్లిష్‌లో తడబడతామని మానకండి, తెలుగు అని చెబితే ఫోన్‌లో ఇంటర్‌ప్రెటర్ కోసం ప్రయత్నిస్తారు.

అపోహ: నైబర్‌హుడ్ వాచ్ అంటే కొత్తవాళ్ల మీద నిఘా

బ్రిటన్‌లో మొదటి నైబర్‌హుడ్ వాచ్ 1982లో చెషైర్‌లోని మోలింగ్టన్ అనే చిన్న ఊళ్లో మొదలైంది, నగరంలో కాదు. అది గస్తీ తిరగడం కాదు, నిలదీయడం కాదు. ఊరెళ్లినవాళ్ల చెత్తడబ్బా లోపల పెట్టడం, గుమ్మంలో పేరుకున్న పార్సిళ్లు తీసి ఉంచడం, ఒంటరి ముసలాయన కిటికీ తెర రెండ్రోజులుగా తీయలేదని గమనించడం. అసలు పని ఇదే.

కానీ వాట్సాప్ గ్రూపులు వచ్చాక దారి తప్పిన సందర్భాలు ఉన్నాయి. మేం ఈ ఊరు వచ్చిన మొదటి ఏడాది మా నాన్న గుంటూరు నుంచి వచ్చారు. పొద్దున్నే మంకీ క్యాప్, శాలువాతో నడకకి వెళ్లి, గుర్రాలున్న కంచె దగ్గర కాసేపు నిలబడి చూసేవారు. "ఎవరో తెలియని మనిషి, గుర్రాల్ని గమనిస్తున్నాడు" అని గ్రూపులో ఫోటోతో సహా పెట్టారు. ఆయనకి చెప్పలేదు, కానీ నాకు చాలా రోజులు మనసు బాగాలేదు. తర్వాత నేనే సమన్వయకర్తనయ్యాక పెట్టిన మొదటి నియమం అదే: మనిషి ఎలా ఉన్నాడో రాయకండి, ఏం చేస్తున్నాడో రాయండి. కారు డోర్ హ్యాండిళ్లు లాగి చూడటం ఒక పని. నడవడం కాదు. ఈ నియమం వచ్చాక గ్రూపులో మెసేజ్‌లు సగం తగ్గాయి, మిగిలినవి పోలీసులకి నిజంగా పనికొచ్చాయి.

మీరు కొత్తగా వెళ్తే మొదటి వారంలోనే అటూ ఇటూ నాలుగిళ్లకి వెళ్లి పలకరించండి, పారిష్ కౌన్సిల్ మీటింగ్‌కి ఒకసారి వెళ్లండి. అది మన పంచాయతీ లాంటిదే, అధికారాలు చాలా తక్కువ గానీ ఊరి సంగతులన్నీ అక్కడే తెలుస్తాయి.

డోర్‌బెల్ కెమెరా గురించి ఒక్క మాట. పెట్టుకోండి, కానీ మీ హద్దు దాటి పక్కింటి పెరడు, మాటలు రికార్డయితే డేటా రక్షణ చట్టం మీకూ వర్తిస్తుంది. 2021లో ఆక్స్‌ఫర్డ్ కౌంటీ కోర్టు ఇలాంటి కేసులో పొరుగువారి పక్షాన తీర్పిచ్చింది.

అపోహ: మ్యాప్‌లో లేదంటే ఊళ్లో లేదు

జనాన్ని నేరుగా అడిగి చేసే క్రైమ్ సర్వే ప్రకారం ఇంగ్లండ్, వేల్స్‌లో ఇప్పుడు జరిగే నేరాల్లో దాదాపు 40 శాతం మోసాలే, ఫోన్లో, ఆన్‌లైన్లో. అవి జాతీయ స్థాయిలో వేరుగా నమోదవుతాయి, మీ ఊరి మ్యాప్‌లో ఒక్క చుక్క కూడా పడదు. బ్యాంకు నుంచి అని ఫోన్ వస్తే పెట్టేసి 159కి చేయండి, చాలా బ్యాంకులకి అదే నంబర్ కలుపుతుంది. రోడ్లు కూడా అంతే: బ్రిటన్‌లో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయేవాళ్లలో సగానికి పైగా పల్లె రోడ్ల మీదే పోతున్నారు. పిల్లలున్న ఇంటికి నేను ముందు చూడమనేది కాలిబాట ఉందా లేదా అని, క్రైమ్ రేటు తర్వాత.

ఇక ఇంటి లోపల జరిగేది. జాతీయ గ్రామీణ నేరాల నెట్‌వర్క్ 2019లో చేసిన అధ్యయనంలో తేలింది ఏమిటంటే, పల్లెల్లో గృహహింస పట్టణాల కంటే ఎక్కువ కాలం సాగుతుంది, బాధితులు బయటికి చెప్పడం సగమే. బస్సు లేదు, డ్రైవింగ్ రాదు, వీసా భర్త పేరు మీద ఉంది, డాక్టర్ దగ్గరికీ ఆయనే తీసుకెళ్తాడు. మన ఆడపిల్లలు కొందరు సరిగ్గా ఇలాగే ఉన్నారు, నాకు తెలుసు. చెయ్యి చేసుకోకపోయినా డబ్బు, ఫోన్, రాకపోకలు అన్నీ గుప్పిట్లో పెట్టుకుని భయపెడుతూ బతికించడం 2015 నుంచి ఇక్కడ నేరం. 0808 2000 247 జాతీయ హెల్ప్‌లైన్, ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది.

పక్క గదిలో అతనుండగా మాట్లాడే వీలు లేకపోతే, మొబైల్ నుంచి 999 కొట్టి, ఆపరేటర్ అడిగినప్పుడు దగ్గండి, లేదా ఫోన్ని వేలితో తట్టండి. అదీ కుదరకపోతే 55 నొక్కండి, పోలీసులకి కలుపుతారు. కలిపినంత మాత్రాన మీరెక్కడున్నారో వాళ్లకి తెలియదు, కాబట్టి లైన్లోనే ఉండి వాళ్లు అవును కాదు అని అడిగే ప్రశ్నలకి శబ్దంతోనో అంకెలు నొక్కో జవాబివ్వండి.