నగరం కూడా యజమానే అని గుర్తొచ్చేసరికి

1968 ఫిబ్రవరి 1. అమెరికాలోని మెంఫిస్‌లో వాన పడుతోంది. నగర పారిశుద్ధ్య కార్మికులు ఎకోల్ కోల్, రాబర్ట్ వాకర్ తడవకుండా ఉందామని చెత్త లారీ వెనక భాగంలోకి ఎక్కారు. చెత్తను నొక్కే యంత్రం ఉన్నట్టుండి కదిలింది. ఇద్దరూ నలిగి చనిపోయారు. లారీలు బాగాలేవని కార్మికులు అంతకుముందే మొత్తుకున్నారు, ఎవరూ పట్టించుకోలేదు. పదకొండు రోజులకు సుమారు 1,300 మంది సమ్మెకు దిగారు. వాళ్లకు అండగా వచ్చిన మార్టిన్ లూథర్ కింగ్‌ను ఏప్రిల్ 4న అదే ఊళ్లో కాల్చి చంపారు. లోకానికి ఆ హత్య గుర్తుంది, లారీ గుర్తులేదు.

అప్పటికి ఫ్యాక్టరీ యజమానులను కట్టడి చేసే చట్టాలు కొత్తేమీ కాదు. పని ప్రమాదాలకు జర్మనీ 1884లోనే బీమా పెట్టింది. బ్రిటన్ 1897లో పరిహార చట్టం చేసింది. రోడ్లు తవ్వించే, మురుగు కాలువలు తీయించే, మంటలు ఆర్పించే నగరపాలక సంస్థ కూడా యజమానే కదా అన్న ఆలోచన మాత్రం ఆలస్యంగా వచ్చింది. ‘రాజు తప్పు చేయడు’, అంటే ప్రభుత్వం మీద దావా వేయలేం అనేది పాత ఇంగ్లీషు న్యాయసూత్రం. ఆ గొడుగు కింద నగరాలు కూడా చాలాకాలం తలదాచుకున్నాయి. అమెరికా కేంద్ర ప్రభుత్వం 1946లో, బ్రిటన్ 1947లో తమ వరకు దాన్ని సడలించుకున్నాయి. 1961లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ఆ సూత్రాన్ని కొట్టేసింది.

ఇంత జరిగాక కూడా, 1970లో అమెరికా తెచ్చిన కార్మిక భద్రత చట్టం రాష్ట్ర, నగర ప్రభుత్వాల ఉద్యోగులను బయటే ఉంచింది. వాళ్ల సంగతి రాష్ట్రాలు చూసుకోవాలట! ప్రైవేటు గుంతలో దిగినవాడికి ఒక రూలు, మునిసిపల్ గుంతలో దిగినవాడికి ఇంకొకటి. మట్టి కూలేటప్పుడు ఈ తేడా చూస్తుందా? బ్రిటన్ 1974 చట్టం ఇంతకంటే నయం, స్థానిక కౌన్సిళ్లకూ వర్తించింది.

నన్నడిగితే, నగరాలను నిజంగా కదిలించింది చట్టం కాదు, బీమా బిల్లు. 1980ల మధ్యలో అమెరికాలో బీమా కంపెనీలు ప్రీమియంలు విపరీతంగా పెంచేశాయి, కొన్ని నగరాలకు పాలసీలే రద్దు చేశాయి. దిక్కుతోచక చాలా ఊళ్లు కలిసి ఉమ్మడి నిధులు పెట్టుకున్నాయి, కొన్ని సొంతంగానే భరించడానికి సిద్ధపడ్డాయి. క్లెయిమ్ డబ్బు తమ జేబులోంచే పోతుంటే ఏ డిపార్ట్‌మెంట్‌లో ఎన్ని నడుములు విరుగుతున్నాయో, ఏ బండి ఎన్నిసార్లు గుద్దుకుంటోందో లెక్క తీయక తప్పలేదు. సిటీ ఆఫీసుల్లో ఈ ప్రమాదాల, నష్టాల లెక్క చూసే రిస్క్ మేనేజర్ కుర్చీకి విలువ పెరిగింది అప్పుడే. ఆ కుర్చీ చాలాచోట్ల ఆర్థిక విభాగంలో ఉండటానికి కారణం కూడా ఇదే.

లెక్క మొదలయ్యాక దాన్ని తగ్గించి చూపే దారులూ దొరికాయి. అన్నిటికంటే తేలికైనది కాంట్రాక్టు. చెత్త ఎత్తే పనిని బయటివాళ్లకు ఇచ్చేస్తే, అదే లారీ వెనక అదే దెబ్బ తగిలినా అది నగరం రిజిస్టరులోకి ఎక్కకపోవచ్చు.