గిజిగాడి గూడు: పుట్టుకా, సాధనా?

బావి మీదికి వంగిన కొమ్మలకు వేలాడే గిజిగాడి గూళ్లను చూసినప్పుడు, ఇంత చిన్న పిట్టకు ఈ అల్లిక ఎవరు నేర్పారన్న ప్రశ్న కలగక మానదు. సహజాతమని, అంటే పుట్టుకతోనే వచ్చిన ప్రవర్తన అని జవాబు చెప్పి, జంతువులకు ప్రవృత్తి, మనిషికి ఆలోచన అని మనం తేలిగ్గా గీత గీసేస్తాం. ఆ గీత అంత గట్టిది కాదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

సహజాతానికి అచ్చమైన ఉదాహరణలు లేకపోలేదు. జంతువుల ప్రవర్తనను పరిశోధించిన శాస్త్రవేత్తలు కోన్రాడ్ లోరెంజ్, నికో టిన్‌బెర్గెన్ 1938లో వర్ణించిన పెద్దబాతు, గూటి బయటికి దొర్లిన గుడ్డును మెడ చాచి ముక్కుతో వెనక్కి దొర్లించుకుంటుంది; మధ్యలో ఎవరైనా గుడ్డును తీసేసినా, లేని గుడ్డును లాగుతున్నట్టే మెడను గూటిదాకా తెచ్చి గానీ ఆగదు.

గిజిగాడి పని ఇలాంటిది కాదు. మగపిట్ట వరి ఆకులను, గడ్డి ఆకులను అంచున కొరికి, సన్నని చీలికలుగా లాగి, ముడులు వేస్తూ అల్లుతుంది. గూడు సగమయ్యాక ఆడపిట్ట వచ్చి చూస్తుంది. దానికి నచ్చితేనే పొడవాటి గొట్టం లాంటి దారితో సహా మిగతాది పూర్తవుతుంది. దీనికి దగ్గరి చుట్టాలైన ఆఫ్రికా నేతపిట్టలపై నికొలస్, ఎల్సీ కొలియాస్ దంపతులు ప్రయోగాలు చేశారు. గడ్డి అందకుండా పెరిగిన మగపిట్టలు, ఆ తర్వాత గడ్డి ఇచ్చినా మొదట్లో సరిగా అల్లలేకపోయాయి. బోట్స్వానాలో మరో జాతి నేతపిట్టలను చిత్రీకరించి చేసిన పరిశీలన 2011లో వెలువడింది: ఒకే పిట్ట గూటికీ గూటికీ పద్ధతి మార్చుకోవడం, అనుభవం పెరిగేకొద్దీ జారవిడిచే గడ్డిపోచలు తగ్గడం అందులో కనిపించాయి. అల్లాలన్న తపన పుట్టుకతో వచ్చింది, ముక్కుకు ఒడుపు మాత్రం సాధనతోనే అబ్బింది.

మనిషి బిడ్డలోనూ ఈ రెండూ కలిసే ఉంటాయి. అప్పుడే పుట్టిన బిడ్డ అరచేతిలో వేలు పెడితే గట్టిగా పట్టుకుంటుంది. కొన్ని నెలలకు ఆ పట్టు దానంతటదే సడలిపోయి, కావాలనుకుని పట్టుకోవడం మొదలవుతుంది. భాష విషయం ఇంకా ఆశ్చర్యకరం. కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ 1984లో ప్రచురించిన ప్రయోగంలో, ఇంగ్లీషు మాట్లాడే ఇళ్లలోని 6 నుంచి 8 నెలల పిల్లలు హిందీలోని ట, త ధ్వనుల తేడాను పసిగట్టారు. 10 నుంచి 12 నెలల వయసు పిల్లల్లో ఎక్కువమంది పట్టలేకపోయారు. అంటే, అన్ని ధ్వనులకూ తెరిచి ఉన్న చెవితో పుట్టిన బిడ్డ, ఏడాది నిండేలోపే తన ఇంటి మాటలకు ఆ చెవిని దిద్దుకుంటుంది. మన ఇళ్లలో ‘తాత’, ‘టాటా’ రెండూ రోజూ వినే పాపకు ఆ తేడా చెవిలో నిలిచిపోతుంది. పెద్దయ్యాక తెలుగు నేర్చుకునే ఇంగ్లీషువారు దానికోసమే ఎంతో శ్రమపడవలసి వస్తుంది.