రామసేతు వయసు: 2007 సెప్టెంబరులో పడిన ముడి

రామసేతును జాతీయ స్మారకంగా ప్రకటించాలన్న పిటిషన్‌పై సుప్రీంకోర్టు 2025 ఆగస్టులో కేంద్రానికి నోటీసులిచ్చింది. దాంతో పాత గొడవ మళ్లీ పైకి లేచింది. ఆ దిబ్బలను తవ్వి ఓడలకు దారి వేయాలన్న సేతుసముద్రం కాలువ పథకం, దాని చుట్టూ నడిచిన రాజకీయం అందరికీ తెలిసినవే. అసలు ముడి పడింది మాత్రం 2007 సెప్టెంబరులో.

ఆ నెల 12న పురావస్తు శాఖ సుప్రీంకోర్టులో అఫిడవిట్ వేసింది. అందులో రెండు మాటలున్నాయి. తమిళనాడులోని ధనుష్కోటి నుంచి శ్రీలంకలోని తలైమన్నార్ దాకా ఉన్న దిబ్బలు అలలు, ఇసుక మేటల వల్ల సహజంగా ఏర్పడ్డాయన్నది ఒకటి. రామాయణ పాత్రలు నిజంగా ఉన్నాయనడానికి ఆ గ్రంథాలు చారిత్రక ఆధారం కావన్నది రెండోది. మొదటిది భూగర్భ శాస్త్రం తేల్చాల్సిన విషయం. రెండో మాట అక్కడ అక్కర్లేదు, అది ఎంతోమంది మనసు నొప్పించింది. ఆందోళనలు చెలరేగాయి. 14న అఫిడవిట్ వెనక్కి తీసుకున్నారు, ఇద్దరు అధికారులను సస్పెండ్ చేశారు. రెండో మాటతోపాటు మొదటిదీ కొట్టుకుపోయింది. అప్పటి నుంచి దిబ్బల వయసెంత అని అడిగినా, రాముడు లేడంటావా అన్నట్టే వినబడుతోంది.

పంచాంగం లెక్క చూద్దాం. సంకల్పంలో ‘కలియుగే ప్రథమపాదే’ అని చెప్పుకుంటాం కదా, ఆ కలియుగం మొదలై 5,100 ఏళ్లు దాటింది. దానికి ముందున్న ద్వాపరం 8,64,000 ఏళ్లు. అంటే త్రేతాయుగం ముగిసే సుమారు 8,69,000 ఏళ్లయింది. మన జాతి మనుషులు పుట్టి దాదాపు 3 లక్షల ఏళ్లేనని శిలాజాలు చెబుతున్నాయి. 2002లో నాసా ఫొటో చూపించి వంతెన వయసు 17,50,000 ఏళ్లని ప్రచారం చేశారు. ఫొటో తమదే గానీ, దాన్నిబట్టి వయసు చెప్పలేమని నాసా స్పష్టం చేసింది.

ఇక సముద్రం అడుగు సంగతి. డ్రిల్లింగ్‌లో పైన పగడపు రాయి, దాని కింద వదులు ఇసుక కనిపించాయని, పగడం గట్టి నేల మీదే పెరుగుతుంది కాబట్టి ఆ రాళ్లను ఎవరో తెచ్చి పేర్చి ఉంటారని భారత భూగర్భ సర్వే సంస్థ (జీఎస్ఐ) మాజీ డైరెక్టర్ బద్రీనారాయణన్ వాదించారు. రాళ్లు 7,000 ఏళ్లవి, కింది ఇసుక 4,000 ఏళ్లదని 2017లో ఒక అమెరికా టీవీ చానెల్ చెప్పడంతో ఆ వాదనకు ఊపొచ్చింది.

కానీ కార్బన్ డేటింగ్‌తో తెలిసేది పగడం ఎప్పుడు బతికిందన్నదే. ఆ రాయి అక్కడికి ఎప్పుడు చేరిందో దాంతో తెలియదు. పెద్ద అలలు పాత పగడపు రాళ్లను పెకలించి కొత్త ఇసుక మీద పడేయగలవు. ఇక్కడి సముద్రం బలం ఎంతటిదో 1964 డిసెంబరులో చూశాం. ఆ తుపాను ప్రయాణికులతో సహా రైలును ముంచేసింది, ధనుష్కోటిని పాడుబెట్టింది. పైగా 7,000 ఏళ్ల లెక్కను రామాయణానికి రుజువుగా పట్టుకుంటే, పంచాంగం చెప్పే త్రేతాయుగాన్ని వదులుకోవాలి. గుడిలో దండం పెట్టుకునే భక్తుడికి ఈ చిక్కు లేదు. శాస్త్రంతోనే రుజువు చేస్తామన్నవాళ్లే దీనికి జవాబు చెప్పాలి.

సుమారు 20,000 ఏళ్ల కిందట, మంచుయుగంలో, సముద్రమట్టం ఇప్పటికన్నా దాదాపు 120 మీటర్లు తక్కువ. సేతు మీద ఇవాళ ఉన్న లోతు చాలాచోట్ల 10 మీటర్ల లోపే. అంటే అప్పుడు అది నడిచి వెళ్లగల నేల.

2022 డిసెంబరులో కేంద్రమంత్రి రాజ్యసభలో 18,000 ఏళ్ల చరిత్ర గురించి, 56 కిలోమీటర్ల పొడవు గురించి చెప్పారు. అక్కడ ఉన్నది ఫలానా కట్టడమని కచ్చితంగా అనలేమన్నదీ ఆయనే. ఇస్రో శాస్త్రవేత్తలు ఉపగ్రహ లేజర్ సమాచారంతో 2024లో వేసిన పటంలో పొడవు 29 కిలోమీటర్లుగా తేలింది. అయితే పటంలో లోతు, ఎత్తు తెలుస్తాయి గానీ వయసు తెలియదు. వయసు కోసం గోవాలోని జాతీయ సముద్రశాస్త్ర సంస్థ పరిశోధనకు 2021లోనే ఆమోదం లభించింది. ఇసుక రేణువుకు చివరిసారి ఎండ తగిలి ఎన్నేళ్లయిందో లెక్కగట్టే పరీక్ష ఒకటి ఉంది. దానికి కావాల్సింది దిబ్బల అడుగు నుంచి, వెలుతురు తగలకుండా పైకి తీసిన గుప్పెడు ఇసుక.