సెకండ్ హ్యాండ్ ప్రీమియం కారు: చెప్పే రేటు వేరు, బండి విలువ వేరు (అపోహలు - వాస్తవాలు)

తిరుపతి నుంచి చెన్నైకైనా, చిత్తూరు నుంచి బెంగళూరుకైనా పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం లోపే చేరిపోతాం. అందుకే ఇక్కడ చేతులు మారే పాత బీఎండబ్ల్యూ, బెంజ్, ఆడి బండ్లలో టీఎన్, కేఏ నంబర్లవి ఎప్పుడూ కనిపిస్తుంటాయి. రేట్లు బాగా పెరిగిపోయిన రోజుల్లో కొనేవాళ్లు చేసే మొదటి పొరపాటు, అమ్మేవాళ్లు చెప్పిన అంకె దగ్గరే బేరం మొదలుపెట్టడం. బేరం మొదలవ్వాల్సింది బండి దగ్గర.

అపోహ: "ఆన్‌లైన్‌లో ఈ మోడల్ అందరూ 30 లక్షలు చెబుతున్నారు, 28కి వస్తే లాభమే."

వాస్తవం: ప్రకటనలో కనిపించేది అడిగే ధర మాత్రమే. ఎంతకు తెగిందో ఎవరూ రాయరు. ఒకరు పెట్టిన రేటు చూసి ఇంకొకరు దానిమీద యాభై వేలు కలిపి పెడతారు, అలా అంకె పెరుగుతూ పోతుంది. అదే మోడల్, అదే సంవత్సరం, అదే ఇంధనం, అదే వేరియంట్ ఉన్న ఓ పది ప్రకటనలు తేదీతో సహా రాసిపెట్టుకుని నాలుగు వారాలు గమనించండి. వారం పది రోజుల్లో మాయమైనవి మార్కెట్ ఒప్పుకునే ధరకు దగ్గరగా ఉన్నట్టు. నెలైనా కదలనివాటి రేటును ఎవరూ ఒప్పుకోలేదన్నమాట, వాటిని లెక్కలోంచి తీసేయండి.

తర్వాత పని సులువే. చక్కగా ఉన్న బండికి పలికే ధర నుంచి, మీ ముందున్న బండిని ఆ స్థితికి తేవడానికయ్యే ఖర్చు తీసేయాలి. ఉదాహరణకు మంచి బండి 27 లక్షలనుకుందాం. మీరు చూసినదానికి నాలుగు టైర్లు, ముందు వెనక డిస్కులు, ప్యాడ్లు, గేర్‌బాక్స్ ఆయిల్ సర్వీస్, బ్యాటరీ కలిపి రెండున్నర లక్షల ఎస్టిమేట్ వస్తే ఆ బండి విలువ 24.5 లక్షలు. దాని మీద "28 చెప్పాను, మీకోసం 27" అంటే అందులో తగ్గింపేమీ లేదు. ఎస్టిమేట్ మాత్రం నోటిమాటగా వద్దు, చాసిస్ నంబర్ ఇచ్చి రాతపూర్వకంగా తీసుకోండి. ఒకే మోడల్‌లో కూడా సంవత్సరాన్ని బట్టి పార్టు మారుతుంది, రేటూ మారుతుంది.

అపోహ: "కొత్తది ఆన్‌రోడ్ 75 లక్షలు పడింది, సగానికే ఇస్తున్నాను."

వాస్తవం: ఆన్‌రోడ్ ధరలో లైఫ్ ట్యాక్స్, మొదటి ఏడాది ఇన్సూరెన్స్, యాక్సెసరీలు అన్నీ కలిసి ఉంటాయి. వాటిని బండి ధరలో కలిపి మీరు అమ్మేవాళ్లకు కట్టాల్సిన పనిలేదు. పైగా 2025 సెప్టెంబర్ 22 నుంచి కొత్త పెద్ద కార్ల మీద పన్ను మారింది. అంతకుముందు పెద్ద ఎస్‌యూవీకి 28 శాతం జీఎస్టీ, 22 శాతం సెస్ కలిపి 50 శాతం ఉండేది, ఇప్పుడు సెస్ లేకుండా 40 శాతం. పాత పన్నుతో ఎక్స్‌షోరూమ్ 60 లక్షలున్న బండి అసలు ధర 40 లక్షలు. అదే ధరకు కొత్త పన్ను కలిపితే 56 లక్షలే. అంటే పోలికకు పెట్టుకునే కొత్త బండి ధరే 4 లక్షలు దిగింది. అమ్మేవాళ్లు పాత ఇన్‌వాయిస్ చూపిస్తారు. మీరు ఈ రోజు కొటేషన్ తీసుకుని పక్కన పెట్టండి. ఆ మోడల్‌కు ఫేస్‌లిఫ్ట్ వచ్చి ఉంటే పాత రూపానికి ధర ఇంకా తగ్గాలి.

అపోహ: "మీటర్ 42 వేలే చూపిస్తోంది, సింగిల్ ఓనర్, ఇంకేం కావాలి?"

వాస్తవం: మీటర్ తిప్పడం ప్రీమియం బండ్లలోనూ జరుగుతుంది. అయితే వీటిలో కిలోమీటర్లు మీటర్ ఒక్కదాంట్లోనే ఉండవు. చాలా మోడళ్లలో ఇంజిన్, గేర్‌బాక్స్ కంట్రోల్ యూనిట్లలోనూ (వాటిని నడిపే చిన్న కంప్యూటర్లు) జాడ మిగులుతుంది, కొన్ని బీఎండబ్ల్యూల్లో తాళంచెవి కూడా గుర్తుపెట్టుకుంటుంది. కంపెనీ స్థాయి స్కానర్‌తో ఆ అంకెలన్నీ పోల్చాలి. షోరూమ్ సర్వీస్ హిస్టరీలో తేదీ వారీగా కిలోమీటర్లు పెరుగుతూ రావాలి. మధ్యలో ఏడాదిన్నర ఖాళీ కనిపిస్తే బండి ఆ కాలంలో ఎక్కడుందో, ఏమైందో అడగండి.

టైరు పక్కన డాట్ (DOT) అనే అక్షరాల వరసలో చివరి నాలుగు అంకెలు చూడండి. 2322 అంటే 2022లో 23వ వారం తయారైంది. 2021 బండి, 25 వేల కిలోమీటర్లు అంటున్నారు, నాలుగు టైర్లూ 2024వి అనుకుందాం. ఇంత త్వరగా టైర్లు ఎందుకు మార్చారో సమాధానం రావాలి. అరిగిన బ్రేక్ పెడల్ రబ్బరు, నున్నబడిన స్టీరింగ్ తోలు కూడా మీటర్ చెప్పని సంగతులు చెబుతాయి.

అపోహ: "అయస్కాంతం పెట్టి చూస్తే సొట్టల్లో పూడ్చిన పుట్టీ దొరికిపోతుంది."

వాస్తవం: ఈ తరగతి బండ్లలో ఆ పరీక్ష తప్పుదారి పట్టిస్తుంది. బీఎండబ్ల్యూ ఎఫ్10 తరం 5 సిరీస్ బానెట్, డోర్లు, ముందు ఫెండర్లు అల్యూమినియం. బెంజ్ డబ్ల్యూ205 తరం సీ క్లాస్‌లోనూ బయటి ప్యానెళ్లు చాలావరకు అల్యూమినియమే. అయస్కాంతం అసలు అతుక్కోదు, దెబ్బ తగిలిందో లేదో తేలదు. ఇనుమునూ అల్యూమినియంనూ రెండింటినీ కొలిచే పెయింట్ మందం మీటర్ వాడాలి. కంపెనీ పెయింట్ మామూలుగా 90 నుంచి 150 మైక్రాన్ల మధ్య వస్తుంది. 200 దాటితే మళ్లీ పెయింట్ వేసినట్టు అనుమానించాలి, 400-500 పైన వస్తే లోపల పుట్టీ ఉండే అవకాశం ఎక్కువ. ఒక్కో ప్యానెల్ మీద కనీసం ఐదు చోట్ల కొలవండి. రూఫ్‌నూ డోర్ పిల్లర్లనూ వదలొద్దు. బంపర్ గీతకు పెయింట్ వేయించడం తప్పేమీ కాదు, పిల్లర్ మీద పుట్టీ ఉంటే మాత్రం ఏ ధరకూ కొనకండి.

నీళ్లలో మునిగిన బండి విషయం ఇంకా జాగ్రత్త. 2015 డిసెంబర్ వరదలు, 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుపాను చెన్నైని ముంచాయి. 2021 నవంబర్‌లో మన తిరుపతి వీధుల్లోనే కార్లు మునిగాయి. సీటు బెల్టును చివరిదాకా లాగండి. చివరి అడుగు మీద బురద చారలుంటే అక్కడే ఆగిపోవచ్చు. సీటు రైలు బోల్టులు, స్టెప్నీ గుంత, కార్పెట్ కింద కనెక్టర్లు తుప్పు పట్టాయేమో చూడండి. ప్రీమియం బండిలో కంట్రోల్ యూనిట్లు కార్పెట్ కిందా సీట్ల కిందా కూడా ఉంటాయి. వాటిలో తడి చేరితే ఈ రోజు నడిచినా ఆరు నెలలకు ఒకటొకటిగా పోతాయి.

అపోహ: "స్కానర్ పెట్టాం, ఒక్క ఎర్రర్ కూడా లేదు."

వాస్తవం: రెండు నిమిషాల్లో ఎర్రర్లన్నీ చెరిపేయవచ్చు. మీరు చూడాల్సింది "కోడ్‌లు చెరిపాక తిరిగిన దూరం" అనే అంకె. అక్కడ 18 కిలోమీటర్లు అని ఉంటే నిన్నో మొన్నో ఎవరో చెరిపారు. రెడీనెస్ పరీక్షలు (బండి తనంతట తాను చేసుకునే తనిఖీలు) పూర్తి కాలేదని చూపించినా అదే అర్థం. మూడొందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ స్కాన్ చేద్దామనండి.

డీజిల్ బండికి అదే స్కానర్‌లో డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) మసి, బూడిద శాతాలు కూడా చూడాలి. మసి హైవే మీద కాలిపోతుంది, బూడిద కాలదు. అది నిండితే శుభ్రం చేయించాలి, లేదా మార్చాలి. ఊళ్లో అలిపిరికీ బస్టాండుకీ మధ్యనే తిరిగిన డీజిల్ బండికి ఈ జబ్బు ఎక్కువ. సైలెన్సర్ చివర వేలు పెట్టి రుద్దితే నల్లటి మసి అంటితే డీపీఎఫ్ పగిలి ఉండాలి, లేదా ఎవరో పీకేసి ఉండాలి.

అపోహ: "గేర్‌బాక్స్ ఆయిల్ జీవితకాలం, మార్చక్కర్లేదు."

వాస్తవం: బీఎండబ్ల్యూలోనూ ఇంకా అనేక బండ్లలోనూ ఉండే 8 గేర్ల ఆటోమేటిక్‌ను తయారుచేసే జడ్‌ఎఫ్ కంపెనీయే 80 వేల నుంచి 1.2 లక్షల కిలోమీటర్లకు, లేదా 8 ఏళ్లకు ఆయిల్ మార్చమంటుంది. ఇందులో ఫిల్టర్ విడిగా రాదు, ప్లాస్టిక్ ప్యాన్‌తో కలిసే ఉంటుంది. ప్యాన్ మొత్తం మార్చాలి కాబట్టి ఖర్చు ఎక్కువ. లక్ష దాటిన బండికి ఆ బిల్లు లేకపోతే ఆ ఖర్చు ధరలోంచి తీసేయండి.

చల్లటి ఇంజిన్‌ను మీ ముందే స్టార్ట్ చేయించాలి. వెళ్లేసరికే బానెట్ వేడిగా ఉంటే ఇంకో రోజు రండి. 2007 తర్వాత వచ్చిన బీఎండబ్ల్యూ ఎన్47 డీజిల్‌లో టైమింగ్ చైన్ ఇంజిన్ వెనక, గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. మొదటి క్షణాల్లో ఆ వైపు నుంచి గలగలమంటే చైన్ పని పెద్దది. ఎయిర్ సస్పెన్షన్ (స్ప్రింగుల బదులు గాలి సంచులు) ఉంటే బండిని మూడు గంటలు ఆపి, చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచుదాకా నాలుగు వైపులా కొలవండి. ఒక మూల దిగితే లీకు ఉంది. దాన్ని వదిలేస్తే కంప్రెసర్ ఆగకుండా తిరిగి కాలిపోతుంది.

టెస్ట్ డ్రైవ్ తిరుపతి ఎయిర్ బైపాస్ రోడ్డు మీద రెండు కిలోమీటర్లతో ముగించొద్దు. పగటిపూట భాకరాపేట ఘాట్ ఎక్కి దిగండి, చిత్తూరు వాళ్లకు మొగిలి ఘాట్ ఉంది. ఎక్కేటప్పుడు గేర్లు కుదుపు లేకుండా పడాలి, దిగేటప్పుడు బ్రేకు నొక్కితే స్టీరింగ్ వణకకూడదు.

అపోహ: "చెన్నైలో రెండు లక్షలు తక్కువ, పైగా ఫ్యాన్సీ నంబర్."

వాస్తవం: ఆంధ్రలో రీరిజిస్టర్ చేస్తే కొత్త నంబర్ వస్తుంది, ఆ ఫ్యాన్సీ నంబర్ మీతో రాదు. దానికి రూపాయి కూడా ఎక్కువ ఇవ్వకండి. మీరు కొన్న ధర ఎంతైనా, ఇక్కడ కట్టే లైఫ్ ట్యాక్స్ బండి అసలు ధరనూ వయసునూ బట్టే ఉంటుంది. ఆ మొత్తాన్ని ఆర్టీవో ఆఫీసులో ముందే కనుక్కున్నాక "రెండు లక్షల తక్కువ" మిగులుతుందో లేదో చూడండి. అక్కడ కట్టిన పన్నులో మిగిలిన భాగం రీఫండ్ ఎవరికి చెందాలో ఒప్పందంలో రాసుకోండి. కాగితాల్లో ఫారం 28 మీద ఎన్‌ఓసీ (అక్కడి ఆర్టీవో ఇచ్చే నిరభ్యంతర పత్రం), యాజమాన్య బదిలీకి ఫారం 29, 30, లోను ఉండి తీరినదైతే ఫారం 35 ఉండాలి. ఇవి చేతికి రాకముందే మొత్తం డబ్బు ఇచ్చేయొద్దు.

అపోహ: "ఇన్సూరెన్స్ ఐడీవీ 32 లక్షలు ఉంది, బండి విలువ అదే కదా."

వాస్తవం: ఐడీవీ అంటే బండి పూర్తిగా పోతే క్లెయిమ్ కోసం పాలసీలో పెట్టుకున్న అంకె. ఎక్కువ ప్రీమియం కట్టి కాస్త పైకి పెట్టించుకోవచ్చు కూడా. అమ్మేవారి నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు) మీకు రాదు, ఆ తేడా మీరు కట్టాలి. బండి బదిలీ అయిన 14 రోజుల్లో పాలసీ మీ పేరుకు మార్చమని అడగాలి, లేదంటే సొంత బండికి జరిగిన నష్టం క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది. డబ్బు బ్యాంకు ద్వారానే ఇవ్వండి. ఒకే లావాదేవీలో 2 లక్షలు, అంతకుమించి నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. అడ్వాన్స్ రసీదులో "లిఫ్ట్ మీద తనిఖీ, స్కాన్ సంతృప్తికరంగా ఉంటేనే కొనుగోలు, లేకపోతే అడ్వాన్స్ పూర్తిగా వాపసు" అని చాసిస్ నంబర్‌తో సహా రాయించుకోండి.