7075 అల్యూమినియంలో పగుళ్లు: అపోహలు - వాస్తవాలు

అపోహ: అల్యూమినియం తుప్పు పట్టదు కాబట్టి పగుళ్ల భయం లేదు.

వాస్తవం: ఎర్రటి తుప్పు రాదన్నంత వరకే నిజం. జింకు, మెగ్నీషియం, రాగి కలిసిన అల్యూమినియం మిశ్రమలోహం 7075లో పైకి నిగనిగలాడే భాగం కూడా లోపల పగిలి ఉండవచ్చు. ఉప్పునీరే తగలనక్కర్లేదు, గాలిలోని తేమ చాలు. తేమతో లోహం చర్య జరిపినప్పుడు పుట్టే హైడ్రోజన్, లోహపు రేణువుల మధ్య సరిహద్దుల్లోకి చొరబడుతుంది. పగులు ఆ దారినే పాకుతుంది.

అపోహ: బరువు మోయని భాగం పగలదు.

వాస్తవం: హీట్ ట్రీట్‌మెంట్‌లో సుమారు 470 డిగ్రీలకు వేడిచేసి నీటిలో ముంచినప్పుడే లోహంలో ఒత్తిడి చిక్కుకుపోతుంది. పైపొర నొక్కుకుని, లోపలి భాగం లాగుకుని ఉంటుంది. మెషీన్ మీద పైపొర చెక్కేస్తే ఆ లాగుడు బయటపడుతుంది. అందుకే ప్లేటును ఏజింగ్‌కు (బలం రావడానికి కొద్దిపాటి వేడిలో గంటల తరబడి ఉంచడానికి) ముందే 1.5 నుంచి 3 శాతం సాగదీస్తారు. రంధ్రంలో బిగుతుగా కొట్టిన బుష్ (చిన్న గొట్టం) కూడా ఇలాంటి ఒత్తిడినే పెడుతుంది.

అపోహ: బలం ఎక్కువున్న టీ6 టెంపరే (హీట్ ట్రీట్‌మెంట్‌తో లోహానికి వచ్చే స్థితి) మేలు.

వాస్తవం: పాత డ్రాయింగుల నుంచి టీ6 అని కళ్లు మూసుకుని దించేస్తారు, నాకు చిరాకు తెప్పించేది ఇదే. 120 డిగ్రీల వద్ద 24 గంటలు ఉంచితే టీ6 వస్తుంది. టీ73 అనే మరో టెంపర్‌కు మొదట సుమారు 107 డిగ్రీలు, తర్వాత 160-177 డిగ్రీల మధ్య మరో దశ. బలం 10-15 శాతం తగ్గుతుంది. కానీ మందం దిశలో లాగినప్పుడు టీ6 దాదాపు 50 మెగాపాస్కల్స్ వద్దే పగుళ్లకు లొంగుతుంటే, టీ73 సుమారు 300 వరకు తట్టుకుంటుంది. పలుచని రేకుకు ఈ తేడా పెద్దగా పట్టదు. మందపాటి ఫోర్జింగ్‌కు (కొట్టి, నొక్కి ఆకారం తెచ్చిన భాగానికి) ప్రాణమంతా ఇందులోనే ఉంది.

అపోహ: కాఠిన్యం సరిపోతే హీట్ ట్రీట్‌మెంట్ సరిగ్గా జరిగినట్టే.

వాస్తవం: ఏజింగ్ చాలని ముక్కా, ఎక్కువైన ముక్కా ఒకే కాఠిన్యం చూపగలవు. రెండింటినీ విడదీసేది విద్యుత్ వాహకత. స్వచ్ఛమైన రాగిని 100గా తీసుకుంటే టీ6 దాదాపు 33 దగ్గర ఉంటుంది, టీ73కి కనీసం 38 రావాలి. ఎడ్డీ కరెంట్ మీటరు తాకిస్తే క్షణాల్లో తెలుస్తుంది. టీ6గా వచ్చిన ప్లేటును రెండో దశ ఏజింగ్‌తో టీ73 చేయవచ్చు. వెనక్కి రావాలంటే మాత్రం మళ్లీ 470 డిగ్రీల నుంచి మొదలుపెట్టాలి, సాగదీసి తీసేసిన ఒత్తిడీ తిరిగి వచ్చేస్తుంది.