ఆన్‌లైన్ సంతలో చిన్న గంప

మా వదిన ఊలుతో గుమ్మం తోరణాలు అల్లుతుంది. నెలకు పది, మహా అయితే పన్నెండు. అంతకు మించి అల్లాలని ఆమెకూ లేదు. రెండేళ్ల కిందట పిల్లల పోరు పడలేక ఒక సైట్‌లో సెల్లర్‌గా చేరింది. మొదటి ఇరవై ఆర్డర్లలో ఒకటి దారిలో వానకు తడిసింది. కొన్నావిడ కోపంగా ఒక్క స్టార్ ఇచ్చి, ఫిర్యాదు పెట్టింది. దాంతో వదిన ఫిర్యాదుల రేటు 5 శాతం అయింది. అంతవరకు మొదటి పేజీలో కనబడిన తోరణం నాలుగో పేజీలోకి పోయింది. అదే సైట్‌లో నెలకు రెండు వేల తోరణాలు పంపే సెల్లర్‌కు ఒకటి తడిస్తే ఆ రేటు 0.05 శాతం. రూలు మాత్రం ఇద్దరికీ ఒకటే.

ఆన్‌లైన్ మార్కెట్లు టోకున అమ్మేవాళ్లకు పీట వేసి, సరదాగా నాలుగు వస్తువులు అమ్ముకునేవాళ్లను మూలకు నెడుతున్నాయన్న ఫిర్యాదు ఇప్పటిది కాదు. ఈ సంతను మొదట పెట్టిందే ఆ సరదా అమ్మకందార్లు కాబట్టి ఫిర్యాదుకు అంత మంట.

1995 సెప్టెంబర్‌లో కాలిఫోర్నియాలో పియర్ ఒమిడ్యార్ అనే ప్రోగ్రామర్ 'ఆక్షన్‌వెబ్' పేరుతో ఒక వేలం పాటల సైట్ పెట్టాడు. అదే తర్వాత ఈబే అయింది. అందులో మొదట అమ్ముడైంది పాడైపోయిన లేజర్ పాయింటర్, 14.83 డాలర్లకు. పాడైందని తెలిసే కొన్నారా అని ఒమిడ్యార్ అడిగితే, అలాంటివి సేకరించడమే తన పని అని కొన్నాయన చెప్పాడట. ఇంకో కథ కూడా బాగా తిరిగింది: కాబోయే భార్య పెజ్ అనే మిఠాయి బిళ్లల డబ్బాలు సేకరిస్తుందని, ఆమె కోసమే సైట్ పెట్టాడని. అది పత్రికల కోసం కంపెనీ ప్రచార విభాగం అల్లిన కథ అని తర్వాత బయటపడింది. నాకు ఈ అబద్ధమే అసలు కథ కన్నా ఎక్కువ చెబుతుంది. సరదా సేకరణలే తన ముఖం అని అప్పట్లో ఈబే అంత గట్టిగా అనుకుంది.

ఆ రోజుల్లో సైట్ పనిచేసిన తీరును కాస్త దగ్గరగా చూడాలి. అక్కడికి వచ్చే వస్తువులు ఎక్కువగా ఒక్కటంటే ఒక్కటి ఉండేవి. తాతగారి గడియారం, పాత నాణెం, అటక మీది బొమ్మ. వాటి ధర ఎంతో అమ్మేవాడికీ తెలియదు, అందుకే పాట. ఏదైనా వెతికితే త్వరగా ముగిసే పాట పైన కనబడేది. అంటే ఎంత చిన్నవాడైనా, వారం రోజుల పాటలో ఆఖరి గంటలో అతని వస్తువు జాబితా తలమీదికి వచ్చి తీరుతుంది. ఎవరి సిఫారసూ అక్కర్లేదు, గడియారం చాలు. రేషన్ షాపు దగ్గర క్యూ లాంటిదే. అందులో పెద్దా చిన్నా లేదు.

2000లో 'బై ఇట్ నౌ' వచ్చింది. పాట లేకుండా, చెప్పిన ధరకు కొనెయ్యడమే. ఒకే రకం చార్జర్లు వెయ్యి పెట్టుకుని కూర్చున్నవాడికి పాటతో పనేముంది? నెలకు ఇంత అమ్మినవారికి 'పవర్‌సెల్లర్' బిరుదు అప్పటికే ఉంది. అటు అదే ఏడాది అమెజాన్ కూడా బయటి వ్యాపారులకు తన సైట్‌లో చోటిచ్చింది. ధర కట్టి ఉంటుంది, వస్తువు కొత్తది, ఫలానా రోజుకు వస్తుంది. కొనేవాళ్లకు ఆ అలవాటు పడ్డాక ఈబేలో ఆరు రోజులు పాట చూసి, ఎవరో తెలియని మనిషి ఎప్పుడు పార్సిల్ పంపుతాడా అని ఎదురుచూడడం టెన్షన్ అనిపించింది. ఈ మాట ఈబే తరఫున చెప్పకపోతే అన్యాయం. కొనేవాళ్లు నిజంగానే జారిపోతున్నారు.

ఆ కంపెనీ జవాబు 2008 జనవరిలో వచ్చింది. సీఈఓ మెగ్ విట్‌మన్ తర్వాత పగ్గాలు పట్టబోతున్న జాన్ డొనాహో కొత్త రేట్లు ప్రకటించాడు. వస్తువు పెట్టడానికి కట్టే ఫీజు తగ్గింది. అమ్ముడయ్యాక కోసుకునే కమీషన్ మాత్రం, 25 డాలర్ల లోపు పాటల మీద 5.25 శాతం నుంచి 8.75కు ఎక్కింది. ఇరవై డాలర్ల బొమ్మ మీద 1.05 డాలర్లు పోయే చోట 1.75 పోతుంది. మంచి రేటింగ్ ఉన్న పవర్‌సెల్లర్లకు ఆ కమీషన్‌లో 15 శాతం దాకా తగ్గింపు. కొనేవాళ్ల గురించి అమ్మేవాళ్లు చెడ్డమాట రాసే వీలు ఆ మే నెల నుంచి లేదు. వీటన్నిటి కన్నా నిశ్శబ్దంగా జరిగిన మార్పు వెతుకులాటలోది. గడియారం క్యూ పోయి 'బెస్ట్ మ్యాచ్' వచ్చింది. ఎవరు ముందు కనబడాలో ఇక సైట్ లెక్కలే తేలుస్తాయి, ఆ లెక్కలో అమ్మేవాడి రికార్డు కూడా ఒక భాగం.

ఫిబ్రవరి 18 నుంచి వారం రోజులు అమ్మకందార్లు సమ్మె చేశారు. వస్తువులు తీసేశారు, కొనడం ఆపేశారు. రేట్లు వెనక్కి పోలేదు. పైగా అదే ఏడాది బై.కామ్ అనే పెద్ద వ్యాపార సంస్థ లక్షల కొద్దీ వస్తువులతో ఈబేలో దిగింది, అందరూ కట్టే లిస్టింగ్ ఫీజు లేకుండా, విడిగా కుదుర్చుకున్న ఒప్పందం మీద. పాత అమ్మకందార్లను ఎక్కువగా పొడిచింది ఇదే. టోకు బేరానికి తగ్గింపు ఇవ్వడం నాకు తప్పుగా తోచదు, ఏ సంతలోనైనా ఉన్నదే. ఆశీలు కాంట్రాక్టరు లారీతో వచ్చినవాడితో ఒక రేటు, గంపతో వచ్చినామెతో ఒక రేటు మాట్లాడతాడు. కానీ గంపను ఎక్కడ దించాలో కూడా లారీవాడి లెక్కను బట్టే తేలిస్తే అది తగ్గింపు కాదు, చోటు లాక్కోవడం.

ఈబే మీద అలిగినవాళ్లలో చాలామందికి అప్పటికే ఇంకో ఇల్లు సిద్ధంగా ఉంది. 2005లో బ్రూక్లిన్‌లో మొదలైన ఎట్సీ, చేత్తో చేసినవి, పాతకాలం నాటివి, చేతిపనికి కావలసిన సరుకులు తప్ప మరేవీ అమ్మకూడదని గీత గీసింది. మనవాళ్లకు ఇది కొత్త ఆలోచన కాదు. 1999 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పెట్టిన రైతుబజార్ల రూలు కూడా ఇలాంటిదే. పండించినవాడే అమ్మాలి, గుర్తింపు కార్డు ఉండాలి, దళారీకి చోటు లేదు. ఆ కార్డులు ఎవరెవరి చేతుల్లో తిరిగాయో రైతుబజారుకు వెళ్లే ఎవరినడిగినా చెబుతారు. చిన్నవాడికని గీసిన గీతకు కాపలా కాయడం చాలా కష్టం.

ఎట్సీ గీత 2013 అక్టోబర్‌లో చెరిగింది. డిజైన్ నీదైతే చాలు, ముందుగా అనుమతి తీసుకుని బయటి తయారీదారుతో చేయించుకోవచ్చు అన్నారు. బాగా అమ్ముడవుతున్న అల్లికలామె రెండు చేతులతో వెయ్యి ఆర్డర్లు ఎలా తీర్చగలదన్నది వాళ్ల వాదన, అందులో నిజముంది. 2015లో కంపెనీ షేర్ మార్కెట్‌కు వెళ్లింది. 2017లో వచ్చిన సీఈఓ జాష్ సిల్వర్‌మన్ అంతకుముందు ఈబే గ్రూపులో పనిచేసినవాడే. 2018లో కమీషన్ 3.5 నుంచి 5 శాతమైంది. 2019లో, 35 డాలర్లు దాటిన ఆర్డర్లకు ఉచితంగా పంపేవాళ్లను అమెరికా కొనుగోలుదార్లకు ముందు చూపించడం మొదలుపెట్టారు. కొరియర్ కంపెనీతో టోకు రేటు మాట్లాడుకోగలవాడికి ఉచితం సులువు. పోస్టాఫీసు కౌంటర్ ముందు నిలబడేవాళ్లకు ఆ ఖర్చు లాభంలోంచి పోతుంది. 2022లో కమీషన్ 6.5 శాతం అయినప్పుడు ఏప్రిల్ 11 నుంచి వారం పాటు అమ్మకందార్లు దుకాణాలు మూశారు. ఆ 6.5 కూడా అలాగే ఉండిపోయింది.

మన దేశంలో కథ వేరే దారిలో నడిచింది. ఇక్కడా అటకమీది వస్తువుల వేలంతో మొదలైన సైట్ ఒకటుంది: 2000లో వచ్చిన బాజీ.కామ్. 2004లో దాన్ని ఈబే కొంది. 2017లో ఈబే ఇండియా ఫ్లిప్‌కార్ట్ చేతికి పోయి, 2018 ఆగస్టులో మూతపడింది.

మిగిలిన పెద్ద మార్కెట్లు చిన్న అమ్మకందార్ల పునాది మీద లేచినవి కావు. విదేశీ పెట్టుబడి ఉన్న కంపెనీ సొంత సరుకును ఆన్‌లైన్‌లో నేరుగా వినియోగదారులకు అమ్మకూడదని మన చట్టం. అందుకని 'మేం అమ్మడం లేదు, చోటు మాత్రమే ఇస్తున్నాం' అనాల్సి వచ్చింది. ఫ్లిప్‌కార్ట్‌లో డబ్ల్యూఎస్ రిటైల్, అమెజాన్‌లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి సంస్థ కాటమరాన్‌తో కలిసి పెట్టిన క్లౌడ్‌టెయిల్ అలా పెద్ద సెల్లర్లు అయ్యాయి. అంటే ఈబేలో పదమూడేళ్లకు జరిగిన పని ఇక్కడ పుట్టుకతోనే ఉంది.

2016 మార్చిలో కేంద్రం ఒక్క సెల్లర్ వాటా సైట్ మొత్తం అమ్మకాల్లో 25 శాతం దాటకూడదంది. 2018 డిసెంబర్‌లో ఇచ్చిన 'ప్రెస్ నోట్ 2', మార్కెట్‌కు వాటా ఉన్న కంపెనీ అదే మార్కెట్‌లో అమ్మకూడదంది. అది 2019 ఫిబ్రవరి 1 నుంచి అమలైంది. 2020 జనవరిలో ఢిల్లీ వ్యాపార మహాసంఘ్ ఫిర్యాదు మీద వ్యాపారంలో పోటీ సరిగా ఉందో లేదో చూసే కాంపిటీషన్ కమిషన్ అమెజాన్, ఫ్లిప్‌కార్ట్‌లపై విచారణకు ఆదేశించింది. 2021 ఫిబ్రవరిలో రాయిటర్స్ వార్తాసంస్థ బయటపెట్టిన అమెజాన్ అంతర్గత పత్రాల ప్రకారం, 2019 ప్రాంతంలో ఇండియాలోని 4 లక్షలకు పైగా సెల్లర్లలో దాదాపు 35 మందివే అమ్మకాల్లో సుమారు మూడింట రెండు వంతులు. ఆ కథనం అసంపూర్ణమని, తప్పులున్నాయని కంపెనీ అంది. క్లౌడ్‌టెయిల్ 2022లో ఆగిపోయింది.

ఈ గొడవంతా గమనిస్తే ఒకటి తెలుస్తుంది. ఫిర్యాదు చేసింది వ్యాపారుల సంఘాలు. వాళ్ల పోరాటం పెద్ద సెల్లర్‌కూ మధ్యతరగతి దుకాణానికీ మధ్య. నెలకు పది తోరణాలు అల్లే మనిషికి సంఘం లేదు. ఆమె కష్టం ఇంకోచోట ఉంది, దాని పేరు జీఎస్టీ.

2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పుడు, వీధిలో కొట్టు పెట్టుకున్నవాడు ఏడాదికి 20 లక్షల టర్నోవర్ దాటేదాకా రిజిస్ట్రేషన్ తీసుకోనక్కర్లేదు. అదే వస్తువును వెబ్‌సైట్ ద్వారా అమ్మితే మొదటి రూపాయి నుంచే తప్పనిసరి, చట్టంలో సెక్షన్ 24 అలా ఉంది. 2019లో సరుకుల పరిమితిని 40 లక్షలకు పెంచారు. ఆంధ్రప్రదేశ్ ఆ పెంపు తీసుకుంది, తెలంగాణ 20 లక్షల దగ్గరే ఉండిపోయింది. ఆన్‌లైన్ అమ్మకందార్లకు రెండింటితోనూ పనిలేకపోయింది, వాళ్లకు అప్పట్లో పరిమితి సున్నా. నెలకు నాలుగు వేల రూపాయల తోరణాలకు నెలనెలా రిటర్నులు, ఆడిటర్ ఫీజు. నంబర్ లేకపోతే పేరున్న సైట్లు తలుపే తెరవలేదు. ఇది మార్కెట్లు చేసిన వివక్ష కాదు, ప్రభుత్వమే కట్టిన గోడ. పన్ను ఎగ్గొట్టేవాళ్లను పట్టుకోవడానికి కట్టారు, తగిలింది మాత్రం ఇంట్లో అల్లుకునేవాళ్లకు.

ఆరేళ్లకు, 2023 అక్టోబర్ 1 నుంచి, ఆ గోడలో కిటికీ తీశారు. పరిమితి లోపు టర్నోవర్ ఉన్నవాళ్లు పాన్ నంబర్‌తో ఒక ఎన్‌రోల్‌మెంట్ నంబర్ తీసుకుని అమ్మొచ్చు. షరతు ఏమిటంటే సరుకు రాష్ట్రం దాటకూడదు. హైదరాబాద్‌లో అల్లిన తోరణం కోదాడ దాకా పోవచ్చు. కోదాడ దాటి జగ్గయ్యపేటకు పోవాలంటే పూర్తి రిజిస్ట్రేషన్ కావాలి.

బొమ్మల సంగతి మరీ విచిత్రం. 2021 జనవరి 1 నుంచి, 14 ఏళ్ల లోపు పిల్లలు ఆడుకునే బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. నాసిరకం దిగుమతులను ఆపడానికి తెచ్చిన రూలు. హస్తకళల శాఖలో నమోదైన కళాకారులకు, పుట్టిన ఊరి పేరు మీద ఇచ్చే జీఐ గుర్తింపు ఉన్న కళల వాళ్లకు మినహాయింపు ఇచ్చారు. కాబట్టి కొండపల్లి, ఏటికొప్పాక బొమ్మలు బతికాయి. మా వదిన కళాకారిణీ కాదు, ఫ్యాక్టరీ కూడా కాదు. సాయంత్రం సీరియల్ చూస్తూ కుందేలు బొమ్మ అల్లే మనిషికి సర్కారు కాగితంలో గడి లేదు. ఆవిడ కుందేళ్లు మానేసి తోరణాలకు పరిమితం కావడానికి కారణం ఇదే.

ఇక్కడ కథ ఒక మలుపు తిరుగుతుంది. చిన్నవాళ్లను పక్కకు నెట్టిన ఈబేనే వాళ్ల వెంట పడింది. లిథువేనియాలో పుట్టిన వింటెడ్, పాత బట్టలు అమ్మేవాళ్ల దగ్గర పైసా తీసుకోకుండా కొనేవాళ్ల దగ్గర ఫీజు వసూలు చేస్తూ యూరప్‌లో ఇంటింటి అమ్మకందార్లను లాగేసుకుంది. ఈబే 2023 మార్చిలో జర్మనీలో, 2024 అక్టోబర్‌లో బ్రిటన్‌లో సొంత వస్తువులు అమ్ముకునే మామూలు మనుషులకు అమ్మకం ఫీజులు ఎత్తేసింది, బ్రిటన్‌లో వాహనాలకు తప్ప. ఆ తర్వాత కొన్ని నెలలకే బ్రిటన్‌లో ఆ భారం 'బయ్యర్ ప్రొటెక్షన్' పేరుతో కొనేవాళ్ల బిల్లులో చేరింది. చార్జర్లు ఏ సైట్‌లోనైనా దొరుకుతాయి, తాతగారి గడియారం దొరకదు. దాని కోసం వచ్చినవాడే పనిలో పనిగా చార్జర్ కూడా కొంటాడు.

మన దగ్గర చిన్న గంపలు ఎక్కువగా వాట్సాప్ గ్రూపుల్లోకి, ఇన్‌స్టాగ్రామ్‌లోకి మారిపోయాయి. చీరలు, పచ్చళ్లు, తోరణాలు, అన్నీ అక్కడే. ర్యాంకింగ్ లేదు, ఫోన్‌పేలో డబ్బు పడితే పార్సిల్ కదులుతుంది. మోసపోతే అడిగే దిక్కు కూడా లేదు. 2020 నాటి ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం, ఒకే రకం సెల్లర్ల మధ్య తేడా చూపిస్తే ఆ సంగతి మార్కెట్ తన షరతుల్లో రాయాలి. వదిన కోసం ఆ సైట్ షరతులు ఒక రాత్రి కూర్చుని చదివాను. ర్యాంకింగ్‌కు లెక్కలోకి తీసుకునేవి వరుసగా ఉన్నాయి: ధర, రేటింగ్, డెలివరీ వేగం, అమ్మకాల సంఖ్య. దేనికెంత బరువో లేదు. ఇరవై ఆర్డర్లలో ఒకటి తడిస్తే ఏమవుతుందో కూడా లేదు.

వదిన ఆ అకౌంట్ తీసెయ్యలేదు. కిందటి నెల రెండు ఆర్డర్లు వచ్చాయి, రెండూ నాలుగో పేజీ దాకా ఓపిగ్గా వెతికినవాళ్లవి. ఈసారి పార్సిళ్లకు లోపల ప్లాస్టిక్ కవర్ వేసింది.