బుల్లి ఆర్కేడ్ పెట్టె మీద పాత గేమ్స్: అపోహలు - వాస్తవాలు

పోయిన వేసవిలో కంచరపాలెం నుంచి ఒకాయన పెద్ద అట్టపెట్టె మోసుకొచ్చి నా బల్ల మీద పెట్టారు. లోపల ఐకేడ్ ఉంది. ఐప్యాడ్‌ని నిలబెట్టి జాయ్‌స్టిక్‌తో ఆడుకునే బుల్లి ఆర్కేడ్ క్యాబినెట్ అది. "అమెరికా నుంచి మా బావమరిది పంపాడు మాస్టారూ. బ్లూటూత్ కనెక్ట్ అవుతోంది గానీ గేమ్ కదలట్లేదు. బోర్డు పోయినట్టుంది, మార్చేయండి" అన్నారు. నేను స్క్రూలు విప్పలేదు. టాబ్లెట్‌లో నోట్స్ తెరిచి జాయ్‌స్టిక్‌ని ఒకసారి పైకి నెట్టి వదిలాను. తెర మీద రెండు ఇంగ్లీషు అక్షరాలు పడ్డాయి. బోర్డు నిక్షేపంలా ఉంది. ఆయన ఎక్కించుకున్న గేమ్‌కి ఆ అక్షరాలు అర్థం కావు, అంతే.

విశాఖలో ఇలాంటి పెట్టెలు తయారుచేస్తూ, బాగుచేస్తూ పదేళ్ళు దాటింది. నా దగ్గరికి వచ్చేవాళ్ళు ఎక్కువగా ఒకప్పుడు వీధి చివర వీడియో గేమ్ షాపులో రూపాయి బిళ్ళ వేసి ఆడినవాళ్ళే. ఆ ఇష్టంతోనే డబ్బు పెడతారు. తప్పు చోట పెట్టి, ఆట సరిగ్గా రాక, పెట్టెని అటక ఎక్కించేస్తారు. అది చూస్తే నాకు బాధగా ఉంటుంది. అందుకే తరచూ వినే మాటలు ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: గేమ్స్ అన్నీ పెట్టెలోనే ఉంటాయి.

వాస్తవం: టాబ్లెట్ పెట్టుకునే పెట్టెలో గేమ్ ఒక్కటీ ఉండదు. ఐకేడ్ అయితే నిజానికి ఒక బ్లూటూత్ కీబోర్డు. దాని పుట్టుక కూడా ముచ్చటైనదే. 2010 ఏప్రిల్ 1న థింక్‌గీక్ అనే అమెరికా షాపు నవ్వుకోవడానికి ఒక ఉత్తుత్తి ప్రకటన వేసింది. జనం నిజంగానే కావాలన్నారు. మరుసటి ఏడాది అయాన్ ఆడియో కంపెనీ దాన్ని నిజం వస్తువుగా తెచ్చింది.

ఆ రోజుల్లో ఐప్యాడ్‌కి గేమ్ కంట్రోలర్ అంటే ఏమిటో తెలియదు. బయటి కీబోర్డులో ఏ అక్షరం పడిందో యాప్‌కి తెలిసేది గానీ, కీని ఎంతసేపు నొక్కి ఉంచారో, ఎప్పుడు వదిలారో తెలిసేది కాదు. గేమ్‌కి కావలసింది సరిగ్గా అదే. అందుకని ఒక్కో కదలికకి రెండేసి అక్షరాలు పెట్టారు. జాయ్‌స్టిక్‌ని పైకి నెడితే డబ్ల్యూ, వదిలితే ఈ. కుడికి నెడితే డి, వదిలితే సి. కిందికి ఎక్స్, వదిలితే జడ్. ఎడమకి ఎ, వదిలితే క్యూ. ఎనిమిది బటన్లకీ ఇలాగే జతలు ఉన్నాయి. ఈ పద్ధతి నాకు చాలా ఇష్టం. ఉన్న ఒక్క దారిలోంచే కావలసిందంతా పంపించారు.

కాబట్టి మీ పెట్టె పనిచేయడం లేదనిపిస్తే ముందు నోట్స్ తెరిచి ఒక్కో దిక్కూ, ఒక్కో బటనూ నొక్కి చూడండి. అక్షరాలు పడుతుంటే పెట్టె బాగున్నట్టే. ఐకేడ్‌ని గుర్తించే యాప్ వేసుకోవాలి, లేదా ఉన్న యాప్ సెట్టింగ్స్‌లో దాన్ని ఎంచుకోవాలి. ఒక దిక్కుకి మాత్రం అక్షరం పడకపోతే ఆ దిక్కు స్విచ్చి దగ్గర సమస్య. కొత్త రకం కంట్రోలర్లకి ఈ పరీక్ష పనికిరాదు, అవి అక్షరాలు పంపవు. ఐప్యాడ్‌ని నడిపే సిస్టమ్ ఐఓఎస్. దాని 7వ వెర్షన్‌తో 2013లో ఆపిల్ గేమ్ కంట్రోలర్లకి వేరే దారి ఇచ్చింది. ఆండ్రాయిడ్‌లో అయితే ఓటీజీ కేబుల్‌తో (టాబ్లెట్‌కి యూఎస్‌బీ వస్తువులు తగిలించే వైరు) జాయ్‌స్టిక్, బటన్ల యూఎస్‌బీ బోర్డు తగిలిస్తే చాలావరకు నేరుగా గుర్తుపడుతుంది.

అపోహ: ఖరీదైన కొత్త టాబ్లెట్ అయితేనే గేమ్స్ స్మూత్‌గా నడుస్తాయి.

వాస్తవం: 1980 నాటి ప్యాక్‌మ్యాన్ మెషీన్‌లో ఉన్నది 3 మెగాహెర్ట్‌జ్ జడ్80 ప్రాసెసర్. 1978 నాటి స్పేస్ ఇన్వేడర్స్‌లో ఉన్నది 2 మెగాహెర్ట్‌జ్ ఇంటెల్ 8080. పాత గేమ్ ఆడించడానికి ఆ పాత మెషీన్‌ని అనుకరించే ప్రోగ్రామ్‌ని ఎమ్యులేటర్ అంటాం. ఇంకో యంత్రాన్ని అనుకరించాలంటే అసలు దానికన్నా ఎన్నో రెట్లు శక్తి కావాలి, నిజమే. అయినా బీరువాలో పడి ఉన్న పాత టాబ్లెట్ కూడా ఈ పని సులువుగా చేస్తుంది.

పాత టాబ్లెట్‌లో చూడాల్సింది వేగం కాదు, సిస్టమ్ వెర్షన్. 2017లో ఐఓఎస్ 11 రాగానే 32 బిట్ యాప్‌లు, అంటే పాత తరహా ప్రాసెసర్ల కోసం రాసినవి, పనిచేయడం ఆగిపోయాయి. ఐకేడ్ కోసం తయారైన తొలినాటి గేమ్స్ చాలా వాటిలోనివే. అలాంటి గేమ్స్ ఉన్న పాత ఐప్యాడ్ మీ దగ్గర ఉంటే దయచేసి అప్‌డేట్ నొక్కకండి. కొత్త ఐప్యాడ్ వాడేవాళ్ళకి ఇంకో దారి ఉంది. 2024 ఏప్రిల్‌లో ఆపిల్ తన యాప్ స్టోర్‌లోకి పాత గేమ్స్ ఎమ్యులేటర్లని అనుమతించింది. డెల్టా, రెట్రోఆర్క్ వంటివి ఆ తర్వాతే వచ్చాయి.

అపోహ: తెర నిండా బొమ్మ రావాలి, లేకపోతే డిస్‌ప్లే వేస్ట్.

వాస్తవం: సాగదీసిన బొమ్మతో ఆడకండి. ప్యాక్‌మ్యాన్ తెర నిలువుది, 224 చుక్కల వెడల్పు, 288 చుక్కల ఎత్తు. 1920, 1200 చుక్కలున్న టాబ్లెట్‌ని అడ్డంగా పెట్టి ఆడితే సగానికి పైగా తెర నల్లగా మిగిలిపోతుంది. అదే టాబ్లెట్‌ని నిలువుగా తిప్పితే ఒక్కో చుక్క సరిగ్గా 5 రెట్లు పెరిగి 1120, 1440 అవుతుంది, గీతలు పదునుగా కనిపిస్తాయి. పెట్టె చేయించుకునేటప్పుడే టాబ్లెట్‌ని రెండు రకాలుగానూ నిలబెట్టే గాడి అడగండి.

స్ట్రీట్ ఫైటర్ 2 సంగతి వేరు. దాని బొమ్మ 384, 224 చుక్కలు. ఆ చుక్కల్ని ఉన్నదున్నట్టు చూపిస్తే మనుషులు లావుగా కనిపిస్తారు. ఎందుకంటే అసలు మెషీన్‌లోని పిక్చర్ ట్యూబ్ 4:3 ఆకారంలో ఉండేది, చుక్కలు సన్నగా పడేవి. యాప్‌లో 4:3 అని పెట్టుకోండి. పాత ఐప్యాడ్ తెర ఆకారం కూడా 4:3 కావడం వల్లే ఈ గేమ్స్ దాని మీద అంత చక్కగా కుదురుతాయి.

అపోహ: నాలుగు దిక్కుల జాయ్‌స్టిక్ పాతకాలంది, ఎనిమిది దిక్కులదే మంచిది.

వాస్తవం: నేను ఎక్కువసేపు వాదించేది ఈ మాట మీదే. జాయ్‌స్టిక్ కింద నాలుగు మైక్రోస్విచ్‌లు ఉంటాయి, దిక్కుకి ఒకటి. కాడని మూలకి నెడితే రెండు స్విచ్‌లు ఒకేసారి పడతాయి. ఫైటింగ్ గేమ్స్‌లో ఆ మూల లేనిదే పని జరగదు. కానీ ప్యాక్‌మ్యాన్, డాంకీ కాంగ్ నాలుగు దిక్కుల కాడ కోసం రాసిన గేమ్స్. పైకి, కుడికి రెండూ కలిసి వస్తే గేమ్ ఒకదాన్నే తీసుకుంటుంది. అది మీరు అనుకున్నది కాకపోవచ్చు.

ఎంవీపీ కాలనీ నుంచి ఒక రిటైర్డ్ టీచర్ గారు వచ్చేవారు. చిన్నప్పుడు ప్యాక్‌మ్యాన్‌లో వాళ్ళ వీధిలో ఆయన్ని మించినవాడు లేడట. ఇప్పుడు రెండో లెవెల్ దాటలేకపోతున్నానని, వయసైపోయి చేతులు మొద్దుబారాయని దిగులుగా అన్నారు. పక్కన కూర్చుని ఆయన ఆట చూశాను. చేతులు బాగానే ఉన్నాయి. ప్యాక్‌మ్యాన్‌లో మలుపు రాకముందే కాడని తిప్పి ఉంచితే బొమ్మ మూలని కోసుకుంటూ తిరుగుతుంది. వెంట తరిమే దయ్యాలకి ఆ వెసులుబాటు లేదు, అక్కడే మనకి దూరం దొరుకుతుంది. ఆయన వేళ్ళకి ఆ అలవాటు ఇంకా ఉంది. ఎనిమిది దిక్కుల కాడ మూలకి జారిపోయి మలుపుని చెడగొడుతోంది.

ఆయన పెట్టెలో ఉన్నది సన్వా కంపెనీ జేఎల్ఎఫ్ రకం కాడ. దాని అడుగున కాడ కదలికకి హద్దు గీసే చతురస్రపు ప్లాస్టిక్ పలక ఉంటుంది. గేట్ అంటాం. దాన్ని ఊడదీసి 45 డిగ్రీలు తిప్పి బిగిస్తే కాడ మూలలకి పోదు, నాలుగు దిక్కులకే పోతుంది. పది నిమిషాల పని, కొత్త సామాను ఏదీ కొననక్కరలేదు. ఆ సాయంత్రం ఆయన ఏడో లెవెల్ దాకా వెళ్ళారు. వెళ్ళేటప్పుడు ఏమీ మాట్లాడలేదు, నా చేయి పట్టుకుని ఊపారు.

గేట్ తిప్పడానికి వీల్లేని కాడలకి కొన్ని ఎమ్యులేటర్లలో నాలుగు దిక్కుల సెట్టింగ్ ఉంటుంది. గేట్ అంత హాయిగా ఉండదు గానీ చాలావరకు పని జరుగుతుంది.

అపోహ: బ్లూటూత్ కాబట్టి బటన్ లేటు.

వాస్తవం: లేటు ఉంటుంది, కానీ తప్పంతా బ్లూటూత్‌ది కాదు. ఈ గేమ్స్ సెకనుకి దాదాపు 60 ఫ్రేములు గీస్తాయి. ఒక ఫ్రేముకి దాదాపు 16.7 మిల్లీసెకన్లు. బటన్ నుంచి బొమ్మ దాకా కంట్రోలర్ బోర్డు, వైర్‌లెస్, యాప్, డిస్‌ప్లే తలా కొంచెం సమయం తీసుకుంటాయి. 'జీరో డిలే' పేరుతో అమ్మే బోర్డులోనూ కొంత డిలే ఉంటుంది. టాబ్లెట్‌ని టీవీకి కలిపి ఆడితే, బొమ్మకి మెరుగులు దిద్దడానికి టీవీ తీసుకునే సమయం అన్నిటికన్నా ఎక్కువ కావచ్చు. టీవీలో గేమ్ మోడ్ పెట్టండి.

ఇంకోటి, బ్లూటూత్ స్పీకర్. శబ్దం ఆలస్యంగా వినిపిస్తే బటనే ఆలస్యంగా పడినట్టు అనిపిస్తుంది. ముందు దాన్ని ఆపి టాబ్లెట్ సొంత స్పీకర్‌తో ఆడి చూడండి. అనుమానం తీరకపోతే ఫోన్‌లో సెకనుకి 240 ఫ్రేముల స్లో మోషన్ పెట్టి, వేలూ తెరా రెండూ కనిపించేలా వీడియో తీయండి. బటన్ కిందికి దిగినప్పటి నుంచి బొమ్మ కదిలేవరకు ఫ్రేములు లెక్కపెట్టండి. ఒక్కో ఫ్రేము దాదాపు 4 మిల్లీసెకన్లు. వైరుతో ఒకసారి, వైరు లేకుండా ఒకసారి తీసి పోల్చుకుంటే సమాధానం మీ చేతికే వస్తుంది.

అపోహ: స్పేస్ ఇన్వేడర్స్‌లో చివరికి వచ్చేసరికి స్పీడ్ పెరిగిపోతోంది, యాప్ పాడైంది.

వాస్తవం: అసలు మెషీన్ కూడా అంతే. తెర మీద 55 శత్రువులు ఉంటాయి. ఆ చిన్న ప్రాసెసర్ ఒక్కో ఫ్రేముకి ఒక్కదాన్నే జరపగలిగేది. కొన్ని చచ్చాక మిగిలినవాటి వంతు త్వరగా వస్తుంది, అందుకే వేగం పెరుగుతుంది. గేమ్‌ని తయారుచేసిన తొమోహిరో నిషికడో దాన్ని సరిచేయకుండా ఆటలో భాగంగానే ఉంచారు. చివరి ఒక్క శత్రువు పరిగెత్తినప్పుడు పుట్టే టెన్షన్ అక్కడి నుంచి వచ్చిందే.

అపోహ: బటన్ పట్టడం లేదంటే మొత్తం సెట్ మార్చాల్సిందే.

వాస్తవం: మన ఊళ్ళో ఎక్కువసార్లు అసలు శత్రువు ఉప్పుగాలి. బీచ్ రోడ్డు, పెదవాల్తేరు వైపు ఇళ్ళ నుంచి వచ్చే పెట్టెల్లో వైర్ల చివర ఉండే లోహపు క్లిప్పులు పచ్చగా చిలుము పట్టి ఉంటాయి. క్లిప్పుని లాగి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కాస్త నొక్కి బిగుతు చేసి మళ్ళీ తొడిగితే చాలావరకు బటన్ లేచి కూర్చుంటుంది. అప్పటికీ పట్టకపోతే మల్టీమీటర్‌ని కంటిన్యుటీలో (కరెంటు దారి కలిస్తే బీప్ కొట్టే సెట్టింగ్) పెట్టి స్విచ్చి రెండు కాళ్ళ మధ్య చూడండి. నొక్కినప్పుడు బీప్ రాకపోతే ఆ ఒక్క స్విచ్చి మారిస్తే సరిపోతుంది. స్విచ్చి లోపల కొబ్బరినూనె, కుట్టుమిషన్ నూనె వేయకండి. దుమ్ము అంటుకుని ఇంకా మొరాయిస్తుంది.

పెట్టె చెక్క విషయంలో కూడా ఇదే గాలి. ఎండీఎఫ్ (చెక్క పీచుని జిగురుతో అదిమి చేసే పలక) కోసిన అంచులు రంగు వేయకుండా వదిలేస్తే రెండు వానాకాలాల్లో ఉబ్బి, స్క్రూలు పట్టు వదిలేస్తాయి. ప్లైవుడ్ మేలు. ఎండీఎఫే కావాలంటే అంచులకి రెండు కోటింగులు తప్పదు.

అపోహ: టాబ్లెట్‌ని ఎప్పుడూ చార్జింగ్‌లోనే ఉంచొచ్చు.

వాస్తవం: వద్దు. మూసిన పెట్టెలో వేడి పోదు, రోజంతా నిండుగా ఉన్న బ్యాటరీ త్వరగా పాడవుతుంది. తెర కొంచెం పైకి లేచినట్టు కనిపిస్తే బ్యాటరీ ఉబ్బిందని అర్థం. వెంటనే వాడటం ఆపేయండి, నొక్కి సరిచేయాలని చూడకండి. నేను చేసే పెట్టెలకి వెనక పలక పెట్టను.

అపోహ: పాత గేమ్స్ కదా, కాపీరైట్ ఏమీ ఉండదు.

వాస్తవం: ఉంటుంది. మన 1957 కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రామ్‌ని సాహిత్య రచనల కోవలోనే చేర్చింది. షాపులు మూతపడినంత మాత్రాన 1980 నాటి గేమ్ మీద హక్కులు పోలేదు. డౌన్‌లోడ్ చేసి 24 గంటల్లో తీసేస్తే తప్పు కాదనే మాట కూడా ఏ చట్టంలోనూ లేదు. 1997లో మొదలైన మేమ్ లాంటి ఎమ్యులేటర్ ప్రోగ్రామ్‌తో ఇబ్బంది లేదు. హక్కుదారు అనుమతి లేకుండా గేమ్ ఫైళ్ళు ఎక్కించి అమ్మడం తప్పు.

అందరూ అడిగేది 'ముస్తఫా' గేమ్. దాని అసలు పేరు క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్, 1993లో క్యాప్‌కామ్ తెచ్చింది. ముస్తఫా అందులో ఒక పాత్ర పేరు. ఎక్కించి ఇమ్మని బతిమాలినవాళ్ళకి లేదని చెప్పడం నాకూ కష్టంగానే ఉంటుంది, అయినా చెబుతాను. కంపెనీలు సొంతంగా అమ్మే యాప్‌లు కొనుక్కోవచ్చు. మేమ్ బృందం తన సైట్‌లో హక్కుదారుల అనుమతితో కొన్ని గేమ్స్ ఉచితంగా ఇస్తుంది, సొంతంగా ఆడుకోవడానికి. గ్రిడ్లీ, రాబీ రోటో అందులోవే. కొత్త పెట్టె పరీక్షించేటప్పుడు నేను ఆడేది వాటినే.

చివరిగా ఇంకొక్కటి. కాడ గట్టిగా తిప్పితే పెట్టె జరుగుతోందని, ఇంకా బరువైనది చేయమని అడుగుతారు. బరువు అక్కరలేదు. పాత సైకిల్ ట్యూబుని నాలుగు ముక్కలు కోసి పెట్టె అడుగున నాలుగు మూలలా అంటించండి. టైల్స్ మీద కూడా కదలదు.